నాయనమ్మ కళ్లల్లో తెల్ల పంచె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ఫోటో దిగినా నన్ను వంటింట్లోకి పంపేసేవారు. మూడేళ్ల వయసులో మరిగే గంజి మీదపడి నా ఎడమ చెంప, మెడ ముడుచుకుపోయాయి. బడిలో పిల్లలు నా పక్కన కూర్చోవడం లేదని నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆ మేలు ఇవాళ్టికీ మరవను. పుస్తకానికి నా చెంపతో పనిలేదు.

నాకు పదకొండేళ్లప్పుడు నాయనమ్మకు జబ్బు ముదిరింది. దవాఖానాలో ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆమెకు అప్పటిదాకా ఒక్క ఫోటో కూడా లేదు. రేపు దండ వేయడానికైనా ఒకటి ఉండాలని పెద్దవాళ్లు అనుకుని పినపాక నుంచి ఫోటోలు తీసే ఆయనను పిలిపించారు. పాత కెమెరా భుజాన వేసుకుని ఊళ్లు తిరిగే ఆ ముస్లిం పెద్దాయనను అందరూ చిచ్చా అనేవారు.

ఫోటో అంటే మా వైపు మొహాలకు తెల్లగా పౌడరు మెత్తాల్సిందే. మా పెద్దమ్మ, అంటే మా పెదనాన్న భార్య, తనకూ తన పిల్లలకూ, ఆఖరికి నాయనమ్మకూ మెత్తింది. చిచ్చా తడిగుడ్డ తెప్పించి అంతా తుడిపించాడు.

"పౌడరేసి ఫ్లాష్ కొడితే మొఖం సున్నమేసిన గోడ లెక్క ఉంటదమ్మా. ముడతలు కనపడాలె, గప్పుడే మనిషి."

ముడతలు కనపడాలన్న మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

అందరినీ వసారా నీడలో కూర్చోబెట్టాడు. మధ్యలో కుర్చీలో నాయనమ్మ, పక్కనే పెద్దమ్మ, చుట్టూ పిల్లలు. నేనూ వెళ్లి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. చిచ్చా ఒక తెల్ల పంచెను రెండు కర్రలకు కట్టి, వాకిట్లో ఎండలో ఎవరైనా ఎత్తి పట్టుకోవాలన్నాడు. పెద్దమ్మ నా రెక్క పట్టి లేపింది.

"నువ్ పోయే. పంచె ఎనకుంటే నీ మొఖం ఎవలకీ కనపడది. ఒక్క పనికి రెండు పనులైతయ్."

పిల్లలు కిసుక్కుమన్నారు. రోజూ నా చేత తల దువ్వించుకునే నాయనమ్మ వైపు చూశాను. ఆమె మెల్లగా, "పోవే బిడ్డా, ఫోటో మంచిగ రానీ" అంది. పెద్దమ్మ మాటకన్నా ఆ మాటే ఎక్కువ మండింది.

ఎండలో నిలబడి పంచె ఎత్తి, దాని అంచు పక్కనుంచి చూశాను. దాని మీద పడిన వెలుగు వసారాలోకి వెళ్లి వాళ్ల మొహాల మీద వాలింది. కొద్దిగా తిప్పితే చాలు, ఒకరు వెలుగుతారు, ఒకరు మసకబారతారు. చిన్నదాన్ని. నా చేతిలో అలాంటి అధికారం ఎప్పుడూ లేదు. చిచ్చా "రీల్ల రెండే ఉన్నయి, కదలకుండ్రి" అని కెమెరాకు కన్ను ఆనించగానే, పెద్దమ్మ మొహం మీంచి వెలుగు లాగేశాను. కెమెరా టక్కుమంది.

చిచ్చా తలెత్తి నన్నే చూశాడు. కర్ర సర్దుతున్నట్టు దగ్గరికొచ్చి వంగి, నాకొక్కదానికే వినపడేలా, "నీ పెద్దమ్మను చీకటి చేసినవ్, సరే. పక్కన ఎవలున్నరో చూసినవా?" అన్నాడు.

చూశాను. నాయనమ్మ మొహం సగం నల్లగా, కళ్లు రెండు గుంటల్లా ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఆమె కూడా చీకట్లో ఉండాలని ఒక్క క్షణం నేను కోరుకున్నాను. ఆ వెంటనే పంచెను తిన్నగా తిప్పి, రెండోది తీసేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

వారం తిరగకుండానే నాయనమ్మ పోయింది. దినానికి ముందు రోజు చిచ్చా రెండో ఫోటోలోంచి ఆమె మొహం ఒక్కటే పెద్దది చేసి, పటం కట్టించి తెచ్చాడు. ప్రతి ముడతా మెత్తగా వెలుగుతోంది. పెద్దమ్మ పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కండ్లల్ల గీ తెల్లటివేంది చిచ్చా? శుక్లాలా?" అంది.

"శుక్లాలు కావమ్మా. గీ బిడ్డ ఎత్తిపట్టిన పంచె."

పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసి, "గవి చెరిపెయ్యరాదు మరి" అంది.

"చెరిపితే కండ్లు సచ్చిపోతయ్" అన్నాడు చిచ్చా.

పెద్దమ్మ పటాన్ని గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయింది. మొదటి ఫోటో సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నాకూ చూపించలేదు. ఆ రెండోది లేకపోతే నాయనమ్మ ఆఖరి మొహం నేను చీకటి చేసినదే అయ్యుండేది. రీల్లో ఇంకొకటి మిగిల్చిన రాములవారికి, నన్ను నలుగురిలో దోషిగా నిలబెట్టని చిచ్చాకు నేను రుణపడే ఉన్నాను.

ఆ పటం ఇప్పుడు నా దగ్గరే ఉంది. కళ్లల్లో మచ్చలున్నాయని పెద్దమ్మవాళ్లు నాతోపాటు దాన్నీ వద్దనుకున్నారు కాబట్టి నాకు వచ్చింది. పొద్దున్నే దీపం పెట్టి అద్దం తుడిచేటప్పుడు నా చూపు ముందు ఆ రెండు తెల్ల చుక్కల మీదికే వెళ్తుంది. మా ఇంటి ఫోటోల్లో నేనున్నది ఆ చుక్కల్లోనే. ఎవరి మీదైనా కోపమొచ్చి మొహం తిప్పుకోబోయినప్పుడు, వాళ్ల పక్కన ఎవరున్నారో చూడటానికి నా మెడ దానంతటదే ఆగుతుంది.