త్వరలో టైలరు

మా వీధిలో మా బావని ‘త్వరలో టైలరు’ అంటారు. మొహం మీద అనరు, వెనకాల అంటారు. నిజానికి ముప్ఫై ఏళ్ళ పనిలో మా బావ నోట ‘త్వరలో’ అన్న మాట ఎవరూ వినలేదు. ‘రేపు రండి’ అన్న మాటా వినలేదు. టైలర్లందరికీ వచ్చిన ఆ విద్య ఈయనొక్కడికీ అబ్బలేదు. గుడ్డ ఇచ్చి ఎప్పుడిస్తారని అడిగితే, కత్తిరించాక చెప్తానంటాడు. కత్తెర పడేదాకా తేదీ చెప్పడు, చెప్పాక తప్పడు. అలాంటి మనిషికి ఈ పేరు తగులుకుంది. తగిలించింది ఒక వీడియో గేము.

నాది బావ కొట్టు కింద గడియారాలు బాగుచేసే కొట్టు. పైన ఆయనది, కింద నాది, మధ్యలో ఇరవై రెండు మెట్లు. ఈ రోజుల్లో గడియారం బాగుచేయించుకునేవాళ్ళు ఎంతమందిలెండి. గోడ గడియారాలు వేలాడదీసే కుడివైపంతా ఎప్పుడో ఖాళీ అయిపోయింది. అక్కడ నా సైకిలు పెట్టుకుంటాను. పని తక్కువైన మనిషికి చెవులు ఎక్కువ పనిచేస్తాయి కాబట్టి మెట్ల మీద ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో చూడకుండానే చెప్పగలను.

అందులో మా అక్క అడుగులు మరీను. బావకి కాజాలు, గుండీలు, అంచు కుట్లు అన్నీ అక్కే. రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్ల జోలికి వెళ్ళొద్దు అని డాక్టరు చెప్పి ఐదేళ్ళు దాటింది. పద్నాలుగో మెట్టు దగ్గర, మలుపులో, ఆగుతుంది. మొదట్లో ఓ పది టిక్కుల సేపు ఆగేది. పోయినేడు గోడ గడియారం పక్కన కూర్చుని లెక్కపెట్టాను, నలభై దాటింది. అంతసేపు చేతిలో పని ఆపి కూర్చునేవాణ్ణి. అక్క మళ్ళీ అడుగు వేశాకే నా స్క్రూడ్రైవరు కదిలేది. మనసులో మా బావని తిట్టని రోజు లేదు.

ఎందుకు తిట్టుకునేవాణ్ణంటే, ఆ కొట్టు కిందికి మార్చకపోవడానికి కారణం ఒక ఆట. నవ్వొస్తోందా? నాకూ మొదట్లో నవ్వే వచ్చింది.

వాళ్ళమ్మాయి, నా మేనకోడలు, వేరే ఊళ్ళో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. ఆటలో మనుషులు తిరిగే గదులు, గోడలు, మెట్లు తయారుచేయడం తన పని. ఆరున్నరేళ్ళ క్రితం సెలవు పెట్టుకుని వచ్చి, వారం రోజులు బావ కొట్టుకి ఫోటోలు తీసింది. నీలం తలుపు, కిటికీ పక్కన కుట్టు మిషను, మేకుకి వేలాడే టేపు, మూల విరిగిన అద్దం, బల్ల మీద కత్తెర గీసిన గీతలు, ఆఖరికి సబ్బు సుద్ద ముక్కలు కూడా. వాళ్ళు చేస్తున్న కొత్త ఆటలో ఒక వీధి ఉందట, ఆ వీధిలో ఒక టైలరు కొట్టు ఉందట. ఎక్కడో వెతకడమెందుకు, నాన్న కొట్టే ఉంది కదా అంది.

ఆరు నెలలకి కంపెనీ వాళ్ళు ఒక వీడియో వదిలారు. రెండు నిమిషాల వీడియోలో నాలుగంటే నాలుగు సెకన్లు మన మెట్లు, మన నీలం తలుపు, మన మిషను. చివర్లో నల్లటి తెర మీద పెద్ద అక్షరాలు: ‘త్వరలో’.

మా బావ కాళ్ళు నేల మీద ఆనలేదు. కొలతలిచ్చేందుకు వచ్చిన ప్రతివాడికీ చేతులు చాపించి, టేపు భుజాల మీద పెట్టి, ఆ వీడియో చూపించేవాడు. వాళ్ళు చేతులు చాపుకునే చూసేవాళ్ళు. నెల తిరక్కుండా ఎక్కడి నుంచో ముగ్గురు కుర్రాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, వీడియోలో ఉన్నది ఇదేనా అని అడిగి, మెట్ల మీద కూర్చుని ఫోటోలు దిగి వెళ్ళారు. కొంప మునిగింది అక్కడే. ఆట బయటికొస్తే ఇంకా బోలెడుమంది వస్తారని, వచ్చినవాళ్ళకి కొట్టు అచ్చం అలాగే కనిపించాలని మా బావ తీర్మానించుకున్నాడు.

ఇక చూడండి. అద్దం మూల విరిగింది, మార్చడు. కేలండరు ఆ ఏడాదిది, తీయడు. తలుపూ మెట్ల పక్క గోడా ప్రతి ఏడాదీ అదే నీలం రంగు కలిపి తనే వేస్తాడు. మెట్ల మలుపులో ఓ చోట మాత్రం ఎన్నిసార్లు వేసినా రంగు పోయేది. చెమ్మ అనేవాడు. గోడకి ఏం రోగమో అర్థం కావట్లేదు అనేవాడు. వీడియోలో కొయ్యబొమ్మకి తొడిగి ఉన్న కోటు ఒక లెక్చరరు గారిది. పాపం ఆయన తన కోటు కోసం వస్తే, ఇది ఇవ్వడం కుదరదండీ అని, అదే కొలతలతో ఇంకోటి ఊరికే కుట్టిచ్చాడు. లెక్చరరు గారికి ఏమీ అర్థం కాక, అప్పట్నుంచి అప్పుడప్పుడూ వచ్చి తన మొదటి కోటుని పలకరించి పోతుంటారు.

మా వీధి మూల మీద కింది కొట్టు రెండుసార్లు ఖాళీ అయింది. మెట్లు లేవు, వెలుతురుంది, మిషనుకీ బల్లకీ సరిగ్గా సరిపోతుంది. మొదటిసారి నేను వెళ్ళి బావ దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అక్క మోకాళ్ళ సంగతి ఆయనకి తెలియదని కాదు. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే ఆట వచ్చేస్తుంది, వచ్చిన మర్నాడే మారిపోదాం అన్నాడు. ఆ ఏడాది అయింది, ఇంకో ఏడాదీ అయింది. రెండోసారి, పోయినేడు, ఖాళీ అయినప్పుడు నేను అక్కనే వెళ్ళి అడగమన్నాను. అక్క నా మొహం కేసి అదోలా చూసి, పోనీలేరా అంది. అక్కడ మందుల షాపు వచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒకసారి మేనకోడలు వచ్చినప్పుడు నిలదీశాను. చేయడం పూర్తికాని వస్తువు గురించి ఊరంతా చాటింపు వేయడమేమిటి, ఓ ఆరు నెలల ముందు చెబితే చాలదా అని. తను ఓపిగ్గానే చెప్పింది. ముందు చెబితేనే మంచి పనివాళ్ళు వచ్చి చేరతారట, డబ్బు పెట్టేవాళ్ళకి నమ్మకం కుదురుతుందట. మరీ ముందు చెబితే ఎదురుచూసేవాళ్ళు విసిగిపోతారట. మరీ ఆలస్యంగా చెబితే ఎవరికీ తెలియకుండానే వచ్చి పోతుందట.

“మరి ఎంత ముందు చెప్పాలే?” అన్నాను.

“మా ఆఫీసులో కూడా ఎవరికీ తెలీదు మావయ్యా,” అంది.

ఇంత చదువుకున్నవాళ్ళకి తెలియకపోతే నాకేం తెలుస్తుంది? బావ అంతా విని, “కత్తిరించాక చెప్పాల్సింది,” అని గొణిగాడు. గొణిగి, లేచి వెళ్ళి మలుపులో రంగు పోయిన చోట మళ్ళీ రంగు వేశాడు. నోటితో ఒకటి, చేత్తో ఒకటి. ఈ మనిషి నాకు ఎప్పటికీ అర్థం కాడనుకున్నాను.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం లెక్చరరు గారు లాప్‌టాప్ పట్టుకుని పరుగున వచ్చారు. ఆట గురించి కొత్త వీడియో వచ్చిందట, ఈసారి ‘త్వరలో’ కాదు, తేదీ వేశారట. ఇంకో మూడు నెలలే. నేను కొట్టు వదిలేసి పైకి వెళ్ళాను. బావ చేతులు తుడుచుకుని, అద్దాలు తుడుచుకుని, బల్ల మీద లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అక్క కిటికీ దగ్గర ఒక చొక్కాకి కాజా కుడుతోంది. చూడ్డానికి రాలేదు.

వీడియోలో ఒక పెద్ద వంతెన ఉంది. రైల్వే స్టేషను ఉంది. చేపల మార్కెట్టు ఉంది, గొడుగులు పట్టుకుని వందమంది పరిగెత్తారు. మన కొట్టు లేదు.

“తల తిప్పినట్టున్నాను,” అన్నాడు బావ. మళ్ళీ వేశారు. మళ్ళీ లేదు. మూడోసారి లెక్చరరు గారు ఆపి ఆపి చూపించారు. ఒక చోట మెట్లు కనిపిస్తే బావ తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండే ఉన్నాయి. రెండు నిమిషాల వీడియోలో అన్నీ ఎందుకు పెడతారండీ, ఆటలో ఉంటుంది అని లెక్చరరు గారు సర్దిచెప్పబోయారు. బావ బుర్ర గోక్కుని, నా కేసి చూసి, ఆయన కేసి చూసి, కూతురికి ఫోన్ చేశాడు. అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టాడు.

కొట్టు ఎక్కడొస్తుందమ్మా అని అడిగాడు.

“ఆ వీధి మొత్తం తీసేశారు నాన్నా. కథ మారిపోయింది. రెండేళ్ళయింది.”

“ఏ వీధి?”

“మన కొట్టున్న వీధి. బయట ఎవరికీ చెప్పకూడదని మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. నేనుండలేక అమ్మకి చెప్పాను. అమ్మ చెప్పలేదా?”

ముగ్గురం ఒక్కసారి కిటికీ వైపు తిరిగాం. అక్క సూది సగంలో ఆపి, తల ఎత్తకుండా కూర్చుంది. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, అర్థమయ్యాక ఇంకా గందరగోళమైంది. రెండేళ్ళు. రోజుకి రెండుసార్లు. అంటే ఆ నలభై టిక్కులూ, ఆటలో కొట్టు లేదని తెలిసే ఆగిందా? పోనీలేరా అన్నది తెలిసే అందా?

బావ ఇంకా ఫోన్ పట్టుకునే ఉన్నాడు. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే అడిగాడు:

“అయితే ఉందని అంత ముందుగా చెప్పారు కదమ్మా, లేదని ఎప్పుడు చెప్తారు?”

“లేదని ఎవరూ చెప్పరు నాన్నా,” అంది మేనకోడలు.

లెక్చరరు గారు లాప్‌టాప్ మూసి, చప్పుడు చేయకుండా దిగిపోయారు. బావ అక్క దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చివరికి అక్కే మాట్లాడింది.

“మర్నాడే చెబుదామనుకున్నానండీ. మీరేమో తలుపుకి రంగు వేస్తున్నారు. రంగు ఆరాక చెబుదామనుకున్నా. ఓ నెల పోయాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయమేసింది. ఆ తర్వాత ఇంక ఎప్పుడు చెప్పాలో నాకు తెలీలేదు.”

అని, మిగిలిన సగం కాజా కుట్టేసి, దారం పంటితో తెంపింది.

నాకు ఎవరి మీదో ఒకరి మీద అరవాలని ఉంది. ఎవరి మీద అరవాలో తోచలేదు. కిందికి వచ్చి ఒక చేతి గడియారం విప్పి, ఏ ముక్క ఎక్కడిదో మర్చిపోయి, సాయంత్రం దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న నేను షట్టరు ఎత్తుతుండగానే బావ పైనుంచి కేకేశాడు. వెళ్ళి చూస్తే కేలండరు గోడ మీద లేదు. లెక్చరరు గారి కోటు మడిచి కవర్లో పెట్టి ఉంది. మిషను పైభాగం విప్పి గుడ్డలో చుట్టి, ఇనుప స్టాండుని తలుపు దాకా లాక్కొచ్చాడు.

“ఓ చెయ్యి వెయ్యవోయ్,” అన్నాడు.

“ఎక్కడికి బావా?”

“దించాక చెప్తాను.”

స్టాండు బరువు నాకు ఇప్పటికీ భుజంలో ఉంది. ఆయన కింద, నేను పైన, ఒక్కో మెట్టూ దింపుతూ మలుపు దాకా వచ్చేసరికి ఇద్దరికీ ఊపిరి అందలేదు. పద్నాలుగో మెట్టు మీద దించి, బావ ఆయాసంతో గోడకి చెయ్యి ఆనించాడు. ఆనించి, చెయ్యి తీసి, ఆ చోటు చూశాడు. రంగు పోయిన చోటే. సరిగ్గా అరచెయ్యంత మేర, సరిగ్గా అక్క భుజం ఎత్తున. మళ్ళీ అరచెయ్యి దాని మీద పెట్టాడు. ఆరేళ్ళు తను రంగు వేసి కప్పుతూ వచ్చింది ఏమిటో అప్పుడు తెలిసింది మా బావకి. నాకూ అప్పుడే తెలిసింది.

“ఇది చెమ్మ కాదోయ్,” అన్నాడు.

కళ్ళు తుడుచుకోవడానికి అద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, స్టాండు ఎత్తుకున్నాం.

కిందికి దించాక మూల వైపు చూశాడు. అక్కడ మందుల షాపు. ఇటువైపు చూశాడు. ఇటు ఏమీ లేదు. ఎక్కడికో ఆయనకీ తెలీదు. ఇనుప స్టాండు వీధిలో పెట్టుకుని, దారి తప్పినవాడిలా అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నా కళ్ళు నా కొట్లోకి వెళ్ళాయి. కుడివైపు, ఖాళీ గోడకి ఆనించి, నా సైకిలు.

సైకిలు తీసి బయట పెట్టాను. ఇద్దరం స్టాండు లోపలికి మోసి గోడకి చేర్చాం. సరిగ్గా సరిపోయింది. ఇంకా బల్లకి చోటు మిగిలింది.

తొమ్మిదిన్నరకి అక్క సంచీ పట్టుకుని వచ్చింది. అలవాటు కొద్దీ మెట్ల వైపు తిరిగి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, గోడకి చెయ్యి ఆనించబోయింది.

“అక్కా, ఇటు,” అన్నాను.

రెండే మాటలు. ఆరేళ్ళుగా ఆ మెట్ల కిందే కూర్చుని, ఆవిడ అడుగులు లెక్కపెడుతూ, బావని తిట్టుకుంటూ ఉన్నవాణ్ణి. ఆ రెండు మాటలూ ఏ రోజైనా చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.