ఆయె అన్నాను

ఏళ్ల తరబడి నేను మోస్తున్నది రెండక్షరాల మాట. ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆ ఒక్కటి దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీ దగ్గర నోరు విప్పే ధైర్యం చేస్తున్నాను. ధైర్యం అని రాయడానికి కూడా సిగ్గేస్తోంది. ముఖం చూపించకుండా చెప్పేదాన్ని ధైర్యం అంటారా?

మాది హిందూపురం. ఇంట్లో అందరూ దుకాణాల్లో కూర్చునేవాళ్లే, నేనొక్కడినే బండి పట్టాను. డీజిల్ పికప్. దాన్ని ఎలా చూసుకుంటానో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. మా వైపు దుమ్ము సంగతి తెలిసిందే కదా, ఎయిర్ ఫిల్టర్ తీసి దులపనిదే నాకు పొద్దు గడవదు. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలకుండా దూర ప్రయాణానికి బయల్దేరను. గ్రీజు, బ్రేకు ఆయిలు, టైర్లలో గాలి, అన్నీ నా చేత్తో నేను చూసుకుంటేనే తృప్తి. వాడి బండెక్కితే హాయిగా నిద్రపోవచ్చు అంటారు మా వాళ్లు. ఒకప్పుడు ఆ పొగడ్త తియ్యగా ఉండేది. ఇప్పుడు వింటే తల దించుకుంటాను, వాళ్లేమో దాన్ని వినయం అనుకుంటారు.

ఆ పికప్ వెనక తగిలించి లాగే ఇల్లుబండి మాత్రం నాది కాదు. మా అక్క భర్తది, అంటే మా బావది. రెండు చక్రాల మీద చిన్న ఇల్లు అనుకోండి. రెండు పడకలు, ఒక స్టవ్వు, పక్కకు విప్పుకుంటే పందిరి. బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసినదాన్ని తెచ్చి, రేకు మార్చి, రంగు వేసి, సొంత బిడ్డను ముస్తాబు చేసినట్టు చేసుకున్నాడు బావ. లేపాక్షి చూడటానికి, పెనుకొండ కోట ఎక్కడానికి వచ్చే బెంగుళూరు వాళ్లకు అద్దెకిచ్చేవాడు. వాళ్లు చెప్పిన చోటికి మేమిద్దరం లాక్కెళ్లి నిలబెట్టేవాళ్లం. బావకు దాని మీద పెద్ద ఆశ ఉండేది. ఇంకో బండి కొనాలి, సోమందేపల్లి దగ్గర హైవే పక్కన షెడ్డు వేయాలి, బోర్డు మీద కూతురి పేరు రాయించాలి. పరిగి రోడ్డులో టీ తాగుతూ ఆయన ఆ షెడ్డుకు తలుపు ఎటువైపు పెట్టాలో కూడా నాతో వాదించేవాడు.

ఇల్లుబండి లాగే రోజు పికప్ నడిపేది బావ, తగిలించేది నేను. పికప్ వెనక ఒక ఇనుప గుండు ఉంటుంది. ఇల్లుబండి ముక్కుకున్న, బోర్లించిన గిన్నెలాంటి కప్పు దాని మీద కూర్చోవాలి. కూర్చున్నాక పైనున్న లాక్ నొక్కాలి. నొక్కాక నేల మీద పడుకుని, కప్పు గుండును పూర్తిగా పట్టిందా లేదా అని కింద నుంచి చూడాలి. చివరగా గొలుసు తగిలించాలి, కప్పు జారినా బండిని ఆపేది ఆ గొలుసే. పైనుంచి చూస్తే ఎప్పుడూ అంతా సరిగ్గానే కనబడుతుంది. పడుకుని చూస్తేనే తెలుస్తుంది. ఈ మాట బావకు చెప్పింది నేనే.

ఆ రోజు పెనుకొండలో మాకోసం ఎదురుచూస్తున్నవాళ్లు వీడియోలు తీసి నలుగురికీ చూపించేవాళ్లు. మన బండి బాగా పడితే బెంగుళూరంతా చూస్తుందప్పా అని బావ సంబరపడ్డాడు. నేనూ పడ్డాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నాను. బండిని కాదు, నన్ను నేను వీడియోలో ఊహించుకున్నాను. ఇంత చిన్న కారణానికి ఒక మనిషి బతుకు మారిపోతుందని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

కప్పు గుండు మీదికి దింపాను. లాక్ సగం దిగి ఆగిపోయింది. అరచేత్తో ఒకసారి నొక్కాను, కదల్లేదు. కప్పును ఎత్తి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టాలి, కింద పడుకోవాలి. ముందురోజు నేనే పెట్టిన గ్రీజు గుండు నిండా, గొలుసు నిండా నల్లగా అంటుకుని ఉంది. నేను లాక్ వైపు చూశాను. తర్వాత చొక్కా వైపు చూసుకున్నాను. సరిగ్గా అప్పుడే బావ స్టీరింగ్ ముందు నుంచి తల బయటపెట్టి అడిగాడు.

"ఏమప్పా, ఆయెనా?"

"ఆయె."

"కింద చూసినావా?"

"ఆయెలే బావా, పోనీ. వాళ్లు ఆడ కాసుకోనుండారు."

మా వైపు ఆయె అంటే అయిపోయింది అని అర్థం. ఇంకో అర్థం కూడా ఉంది. ఎవరైనా పదే పదే చెబుతుంటే, సరేలే విన్నాలే అని విసుగ్గా అనేది కూడా ఆ మాటే. చాలా ఏళ్లు నేను ఈ రెండో అర్థం చాటున దాక్కున్నాను. నేను అయిపోయిందని అనలేదు కదా, సరేలే అన్నాను, ఆయనే అలా అర్థం చేసుకున్నాడు, దిగి చూసుకోవాల్సింది ఆయన కదా, అని నాకు నేనే వకీలును పెట్టుకుని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అబద్ధం. బావ ఏ అర్థంలో వింటాడో తెలిసే అన్నాను. ఆ అర్థంలో వినాలనే అన్నాను.

పెనుకొండ దాకా ఏమీ కాలేదు. కొండ రోడ్డు ఎక్కుతుండగా గొర్రెల మంద అడ్డమొచ్చింది. బావ ఆపాడు. ఆపగానే వెనక టక్‌మని ఒక చప్పుడు. ఆ చప్పుడేమిటో ఆ బండిలో నాకొక్కడికే తెలుసు. చెప్పి ఉండాల్సింది. బావా దిగొద్దు, లాక్ పడలేదు, అంటే సరిపోయేది. నేనేం చేశాను? ఆయన నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమంటే ఆయన సీట్లోకి జరిగి తొక్కి పట్టుకున్నాను. ఆయన రోడ్డు పక్కన రాయి ఒకటి తీసుకుని వెనక్కి పోయాడు, ఇల్లుబండి చక్రం కింద అడ్డం పెట్టడానికి. అద్దంలో ఆయన వంగడం చూశాను. అప్పటికీ నోరు తెరవలేదు. కప్పు గుండు మీంచి లేచిపోయింది. గొలుసు నేను తగిలించనే లేదు. ఇల్లుబండి వెనక్కి దొర్లి గట్టు రాళ్లకు కొట్టుకుని ఆగింది. మధ్యలో బావ కుడిచెయ్యి ఉంది.

ప్రాణానికి ఏమీ కాలేదు. ఆ చేతి పిడికిలి మాత్రం ఇప్పటికీ మూతపడదు.

ఆసుపత్రిలో లాక్ ఎవరు చూసినారని అక్క అడిగింది. బావ కళ్లు తెరవకుండానే, నడిపేవాణ్ణి నేనే గదా, నేను దిగి చూడాల్సింది అన్నాడు. నేను గోడకు ఆనుకుని ఊరుకున్నాను. ఊరుకోవడంతో ఆగి ఉంటే ఈ రోజు ఇది రాయడానికి కొంచెం తేలికగా ఉండేదేమో. కాసేపటికి అక్క నన్ను వరండాలోకి పిలిచి మళ్లీ అడిగింది. "బావే తొందరపెట్టినాడక్కా. ఆగు, చూస్తా అని నేను చెప్తానే ఉండా" అన్నాను. ఎంత సులభంగా వచ్చిందో ఆ మాట. అక్క నా భుజం పట్టుకుని ఏడ్చింది. తెల్లచొక్కా మీద బావ రక్తం ఉంది, ఆయన్ని ఎత్తుకున్నప్పుడు అంటింది. గ్రీజు మరక మాత్రం ఒక్కటీ లేదు.

ఆ తర్వాత అక్క ఆయన్ని మళ్లీ స్టీరింగ్ పట్టనివ్వలేదు. చెయ్యి కుదురుకున్నాక నెమ్మదిగా నడపగలను అని ఆయన ఒకటి రెండుసార్లు అన్నాడు. అక్క వినలేదు. వాళ్లు ధర్మవరం వెళ్లిపోయారు. అక్కడ మా చిన్నాన్న కిరాణా దుకాణంలో ఎడమచేత్తో పప్పులు తూచి పొట్లాలు కడుతున్నాడు బావ. షెడ్డు మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇల్లుబండి నా దగ్గరికి వచ్చింది. జాగ్రత్త గలవాడి చేతిలో ఉండనీ అని అక్కే పంపింది. దాన్ని బాగు చేసి నేనే అద్దెకు తిప్పుతున్నాను. ఆయన ఆశ మీద నేను బతుకుతున్నాను అని ఇంత సూటిగా ఇంతవరకూ నాకు నేను కూడా చెప్పుకోలేదు.

బావకు తెలుసా? ఎప్పుడు ధర్మవరం వెళ్లినా మొదట బండి సంగతే అడుగుతాడు. గ్రీజు పెడుతున్నావా, రేకు కారుతోందా, పందిరి గుడ్డ చిరిగిందా. ఆ రోజు సంగతి మాత్రం అడగడు. ఆయె అన్న మాట ఆయన చెవిలోనూ ఉండి ఉంటుంది కదా. తెలిసి నన్ను కాపాడుతున్నాడా? లేక తన తప్పేనని నిజంగానే నమ్మేశాడా? మొదటిదైతే నేను ఆయన ముఖం చూడలేను. రెండోదైతే ఆయన వేళ్లతో పాటు ఆయన మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా నేనే తీసేశాను. రెండింటిలో ఏది నిజం కావాలని కోరుకోవాలో కూడా తెలియడం లేదు.

మొన్న ఆయన కూతురు హిందూపురం వచ్చింది. చదువు అయిపోయింది, బండి నేర్చుకుంటానంది. నేర్పిస్తానని బావ ముందుకొచ్చాడట. మీరొద్దు, తమ్ముడు నేర్పిస్తాడు అని అక్క నా దగ్గరికి పంపింది. మొదటి రోజు పికప్ ఎక్కేముందు ఆ పిల్ల బండి చుట్టూ తిరిగింది. ఇల్లుబండి తగిలించి ఉంది. చున్నీ నడుముకు బిగించి మట్టిలో వెల్లకిలా పడుకుని, తల కిందికి పెట్టి చూసింది. లేచి వీపు దులుపుకుంటూ నవ్వింది.

"అమ్మ చెప్పింది మామా, నాయన మాదిరి కాదు, నీ మాదిరి చూసుకోమని."

నేను తల ఊపాను. అవును, ఊపాను. పరిగి దాకా ఆమె బండి నడిపింది. బాగా నడిపింది, వాళ్ల నాయన లాగే మలుపులో ముందుగానే వేగం తగ్గించింది. మీ నాయనలా నడుపుతున్నావమ్మా అన్న మాట కూడా నా నోటి నుంచి రాలేదు.

అందుకే ఇవాళ రాశాను. అక్కకు చెబుతానా? తెలియదు. ఆ పిల్లకు చెప్పగలనా? మీరు నన్ను క్షమించాలని రాయలేదు, క్షమించడానికి మీ చెయ్యి నలగలేదు. లాక్ వేయనిది నేను. వేయలేదని తెలిసీ బావను చక్రం కిందికి పోనిచ్చింది నేను. ఇంత పొడుగునా ఈ రెండు వాక్యాలు రాయడానికే తిరిగాను. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.