కొడవలి ఎటు వంగుతుంది?

ఒక పెద్ద ఆటను చివరిదాకా ఆడి గెలిచానని ఎవరైనా మీతో చెబితే, ఆ గెలుపును మీరు చూడలేదు కాబట్టి, నమ్మడానికి ఏం అడుగుతారు? సాక్షినా, కాగితాన్నా, లేక చెప్పిన మనిషి మాటే చాలంటారా?

తొంభైల నడుమ, చోడవరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న రోజుల్లో, ఈ ప్రశ్నకు నా దగ్గర తయారుగా ఒక జవాబు ఉండేది. కాలేజీ డిబేట్ పోటీల కోసం మాకు నేర్పిన మొదటి సూత్రం అది: మాట ఎవరిదైనా, దానికి ఆధారం చూపించే బాధ్యత ఆ మాట అన్నవారిదే. ఈ సూత్రాన్ని నేను వేదిక మీద వదిలిపెట్టి ఇంటికి వచ్చేవాణ్ని కాదు. భోజనాల దగ్గర, బస్సులో, చివరికి వీడియో గేమ్ ముందు కూడా దాన్నే ప్రయోగించేవాణ్ని.

ఆ వీడియో గేమ్ మా మెయిన్ రోడ్డు మీద ఒక టీవీ రిపేరు షాపులో ఉండేది. షాపు యజమానిని అందరం మావయ్యా అని పిలిచేవాళ్లం. బాగుచేసిన టీవీని తిరిగి ఇచ్చేముందు గంటో రెండు గంటలో నడిపి చూడాలి. ఊరికే నడపడం ఎందుకని ఆయన దానికి గేమ్ సెట్టు తగిలించి మాకు అప్పగించేవాడు. బొమ్మ వణికినా, రంగు పోయినా మేం కేకేసి చెప్పాలి. మాకు ఆట, ఆయనకు తనిఖీ. కాలేజీ మధ్యాహ్నానికే అయిపోయేది కనుక రెండింటికల్లా అక్కడ చేరేవాళ్లం.

ఆటలో ఒక చిన్న కుర్రాడు కత్తి పట్టుకుని ఊళ్లూ అడవులూ గుహలూ దాటి, కోటలో దాక్కున్న రెక్కల రాక్షసుణ్ని ఓడించాలి. మొదటి భాగం, రెండో భాగం క్యాసెట్లు మా దగ్గర ఉండేవి. మూడోది, నాలుగోది కూడా వచ్చేశాయని విశాఖపట్నం వెళ్లొచ్చిన ప్రతివాడూ ఊరించేవాడు. చిక్కల్లా, ఇవన్నీ జపానువాళ్ల కోసం తయారైన క్యాసెట్లు. తెర మీద మాటలన్నీ ఆ లిపిలోనే ఉండేవి. ఒక్క అక్షరం తెలియకుండా మేం ఆ కథలో నెలల తరబడి బతికాం.

తెలియకపోవడమే మాకు పండగ. రాజుగారు ఏం ఆజ్ఞాపించారో ఎవరికి తోచింది వారు చెప్పుకోవచ్చు. బావి పక్కన నిలబడే ఒక ఆడమనిషి ఎన్నిసార్లు పలకరించినా ఒకే వాక్యం అనేది. మాడుగుల బస్సు వెళ్లిపోయిందా అని అడుగుతోందని, బుచ్చయ్యపేట నుంచి వచ్చే నా స్నేహితుడు తేల్చేశాడు. అది మొదలు ఆమె కనబడగానే షాపులో ఎవరో ఒకరు, ఇంకా రాలేదమ్మా అని మర్యాదగా జవాబు చెప్పేవారు.

ఆడే తీరులో మాత్రం ఎవరి దారి వారిది. స్నేహితుడు ఎదురైన ప్రతి జీవితోనూ కలబడేవాడు; గుహల పటాలు గ్రాఫు కాగితాల మీద గీసి, రాక్షసులు ఉండేచోట ఎర్ర సిరాతో చుక్కలు పెట్టేవాడు. మావయ్య ఆడితే ప్రాణం పోసే ఆకులన్నీ కొని దాచేవాడే తప్ప వాడేవాడు కాదు. సంచీ నిండా మందు ఉండగానే ఆయన కుర్రాడు చచ్చిపోయేవాడు. నా ఇబ్బంది వేరు. ఆ ఆటలో ఎవరి ఇంట్లోకైనా చొరబడి, వారి పెట్టె తెరిచి, అందులో ఉన్నది పట్టుకుపోవచ్చు. ఇది దొంగతనం అవునా, కాదా అని నేను షాపులో చర్చ పెట్టాను. లోకాన్ని కాపాడబోతున్నవాడికి ఆ హక్కు ఉందన్నాడు స్నేహితుడు. ఆ ఇంటివాళ్లు లోకంలో భాగం కారా అని నేనడిగాను. వాదన రెండు వారాలు సాగింది. నేను ఒక్క పెట్టె కూడా తెరవలేదు. అందువల్ల నా కుర్రాడు రెండో భాగం సగందాకా వెదురుకర్రతోనే తిరిగాడు.

"ఒరే, నీవోడు వీరుడు కాదురా," అన్నాడు స్నేహితుడు. "బెత్తం పట్టుకుని బడికెళ్తన్న మేస్టారు."

ఇక అసలు సంగతికి వస్తాను. ఆట ఆపాలనుకున్నప్పుడు ప్రతి కోటలోనూ ఉండే పూజారి దగ్గరకు వెళితే ఆయన ఇరవై అక్షరాల రహస్య వాక్యం ఒకటి ఇచ్చేవాడు. మర్నాడు ఆ అక్షరాల్నే అదే వరుసలో ఎక్కిస్తే, ఆగిన చోటు నుంచి ఆట మొదలయ్యేది. నాలుగు దాటితే కరెంటు ఉంటుందో పోతుందో తెలియని ఊళ్లో అంతకన్నా విలువైనది మరొకటి లేదు. మొదట్లో ఆ అక్షరాల్ని చూసి గీసుకునేవాళ్లం. ఒకరు గీసింది మరొకరికి పోలిక తెలిసేది కాదు. అందుకని ఒక్కో అక్షరానికి దాని ఆకారాన్ని బట్టి ఒక పేరు పెట్టాం. గాలం, జిలేబీ, నిచ్చెన, గొడుగు, ముడి, కొడవలి. అప్పటి నుంచి మా నోటుబుక్కులో బొమ్మలు లేవు, పేర్లే. ఒకరు గట్టిగా చదివేవారు, ఒకరు ఎక్కించేవారు. కాలేజీ వరండాలో కూడా ఈ పఠనం నడిచేది. వినేవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోయేవారు.

ఒకరు మాత్రం నవ్వుకుంటూ పోలేదని వేసవి సెలవుల తరువాత తెలిసింది. రోలుగుంట వైపు నుంచి బస్సులో వచ్చే మా జూనియరు అమ్మాయి ఒక మధ్యాహ్నం తిన్నగా షాపు మెట్లెక్కి నా ముందు నిలబడింది.

"రెండో భాగం అయిపోయిందన్నయ్యా. నేనే ఆడేను."

రెండో భాగం మాలో ఎవరికీ అవలేదు. స్నేహితుడు ఏడాదిగా చివరి కోట మెట్ల దగ్గరే చచ్చిపోతున్నాడు.

ఆమె నెమ్మదిగా అంతా చెప్పింది. పెదనాన్నకు గాజువాకలో ఫ్యాక్టరీ ఉద్యోగం. వాళ్లింట్లో ఇదే సెట్టు, ఇదే క్యాసెట్టు. సెలవులు మొత్తం అక్కడే గడిపింది. ఆట గురించి తనకు తెలిసిందంతా ఏడాది పాటు వరండాలో మా పఠనం విని నేర్చుకున్నదే. మా రహస్య వాక్యం ఒకటి కాగితం మీద రాసుకుని వెళ్లి, పేర్లను బట్టి అక్షరాలు పోల్చుకుని అక్కడ ఎక్కించి చూసిందట, తెర తప్పని తిప్పికొట్టిందట. అందుకని మొదటి నుంచీ ఆడింది. చివరి పోరాటానికి ముందు పూజారి ఇచ్చిన వాక్యం మా పేర్లతోనే రాసి తెచ్చింది.

"మీతో కూకోనివ్వండన్నయ్యా," అంది చివరికి. "ఆట గురించి మాటాడ్డానికి మా ఇంటికాడ నాకెవరూ లేరు."

ఆమె కోరిక అంతే. కోరిక న్యాయమైనదే. కానీ సూత్రం సూత్రమే కదా. కాగితం ఇటివ్వమన్నాను. నేను చదివాను, స్నేహితుడు ఎక్కించాడు. కీచుమని శబ్దం వచ్చి తెర వాక్యాన్ని తిరస్కరించింది. రెండోసారి మరింత నిదానంగా చదివాను. మళ్లీ కీచుమంది. ఏటమ్మా, గాజువాకలో రాక్షసుడు వేరా అని స్నేహితుడు అడిగాడు. వెనక నుంచి నవ్వులు. నేను నవ్వలేదు, అంతకన్నా తప్పు చేశాను. ఆధారం నిలబడలేదు కాబట్టి వాదన నిలబడదు అని, పోటీలో న్యాయనిర్ణేత లేచి చెప్పినట్టు చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, అయితే సరేలే అన్నయ్యా అని, బస్సుకు వెళ్లిపోయింది. కాగితం నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం క్లాసులో ఆ కాగితం మడత విప్పి కూర్చున్నాను. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆమె చిన్నబోయిన ముఖం ఒక్కటే కాదు, ఆమె చెప్పిన ఒక మాట. మా వాక్యం గాజువాకలో పనిచేయలేదంది. అబద్ధమాడదలచుకున్న మనిషి ఆ మాట చెప్పవలసిన అవసరం ఏముంది? దానివల్ల ఆమెకు కలిసొచ్చేదేమీ లేదు. మా వాక్యం మా దగ్గర రోజూ పనిచేస్తోంది, ఆమె దగ్గర పనిచేయలేదు. ఆమె వాక్యం మా దగ్గర పనిచేయలేదు. ఇద్దరి వాక్యాలూ సరైనవే అయితే? తప్పు ఆ రెండింటి నడుమ, మేం పెట్టిన పేర్లలో ఉండాలి.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వరండాలో ఆమెను ఆపి, పెన్సిలు ఇచ్చి, ఒక్కో పేరుకూ అక్షరం గీయమన్నాను. గాలం గీసింది, మాదే. జిలేబీ మాదే. గొడుగు, ముడి, అన్నీ మావే. కొడవలి దగ్గర పైన వంపు తిరిగి, కుడి పక్క నుంచి కిందికి జారే గీత ఒకటి గీసింది.

"ఇదేటి?" అన్నాను.

"కొడవలి."

మా కొడవలి ఇది కాదని, పక్కన మాది గీశాను. రెండు తిన్నని గీతలు ఒక మొన దగ్గర కలిసే కోణం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, మీరెప్పుడైనా వరికోతకెళ్లేరా? ఇలగుంటే ఇది దేన్ని కోస్తాది? కొడవలికి వంపుండాలి. ఇది మోచెయ్యి. దీనికి మీ పేరేటో దొరక్క నేనే మోచెయ్యి అని రాసుకున్నాను, సూడండి."

చూశాను. కాగితం మీద ఒకచోట మోచెయ్యి అని ఉంది. నిన్న నేను దాన్ని చదివితే, మా పేర్లలో అది లేదని చూడకుండానే స్నేహితుడు మోకాలు లాంటి మరేదో అక్షరం వెతికి ఎక్కించాడు. కొడవలి అని ఉన్నచోటల్లా మా కోణం ఎక్కించాడు. కోణానికి ఆ పేరు పెట్టింది అతనే. వాళ్లది చెరకు, నరికేది కత్తితో. మా నాన్నది గుమస్తా ఉద్యోగం. మా షాపు బృందం మొత్తంలో వరి దుబ్బును పిడికిట పట్టి కోసినవాడు ఒక్కడూ లేడు. కొడవలిని మేం దూరం నుంచి, బస్సు కిటికీలోంచి చూసినవాళ్లం. ఆమె దాన్ని చేత్తో ఎరుగును.

ఆ మధ్యాహ్నమే ఆమెను షాపుకు రమ్మన్నాను. వచ్చింది, కానీ లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడింది. ఈసారి ఆమె చదివింది, నేను ఎక్కించాను, కొడవలికి కొడవలి, మోచెయ్యికి మోచెయ్యి. ఇరవయ్యో అక్షరం పడగానే తెర ఒక్క క్షణం నల్లబడి, సంగీతం మొదలైంది. ఆమె కుర్రాడు మేం ఎన్నడూ చూడని వెండి కవచంతో చివరి కోట లోపల నిలబడి ఉన్నాడు.

స్నేహితుడు లేచి తన స్టూలు ఆమె వైపు జరిపాడు. మావయ్య గడియారం చూసి, కరెంటు పోయేలోగా కానిచ్చెయ్ తల్లీ అన్నాడు. ఆమె కూర్చుంది. రెక్కల రాక్షసుడు ఎదురయ్యాడు. మేమైతే కత్తి దూసేవాళ్లం. ఆమె మాత్రం వాడు రొమ్ము నిండా గాలి పీల్చిన ప్రతిసారీ, తెర మీది ఆజ్ఞల పట్టీలో, మేం ఎందుకూ పనికిరాదని వదిలేసిన నాలుగో వరస నొక్కింది. వాడు ఊదిన నిప్పు మీద పడ్డా ఆమె కుర్రాడికి సగం దెబ్బే తగిలింది.

"అదేటి నొక్కుతన్నావు?" అన్నాడు స్నేహితుడు. అతని గొంతులో నిన్నటి వెటకారం లేదు.

"కాసుకోడం. వాడు గాలి పీల్చినప్పుడు కాసుకోవాలి. మీరు ఊరికే నరుకుతారు కామోసు."

మావయ్య మొదటిసారిగా ఆకులు వాడమని సలహా ఇచ్చాడు. ఆమె వాడింది. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో రాక్షసుడు ముక్కలై, తెరంతా తెల్లగా మెరిసింది. స్నేహితుడు తన గ్రాఫు కాగితాల కట్ట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, చివరి కోట మెట్లు ఎలా దాటాలో గీసిమ్మన్నాడు. నాలుగున్నరకు కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు. చీకటి తెర చుట్టూ కూర్చుని, ఏ గుహలో ఏ తలుపు ముందు తెరిచిందో, ఎక్కడ ఎన్నిసార్లు చచ్చిపోయిందో ఆమె చెబుతూ ఉంటే, మేం ఒకరి మాట మీద ఒకరం పడి అడుగుతూనే ఉన్నాం. ఇళ్లలో పెట్టెలు తెరిచావా అని నేను అడిగాను. అన్నీ తెరిచేనన్నయ్యా, ముయ్యడం కూడా మర్చిపోలేదు అంది. ఆమె ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది. తరువాతి బస్సు దాకా షాపులో ఆమె మాటే వినబడింది.

బస్సెక్కేముందు నేను చెప్పవలసింది చెప్పాను. నిన్నటి నా నిర్ణయం సరైన విచారణ లేకుండా చేసినదని, దాన్ని బేషరతుగా ఉపసంహరించుకుంటున్నానని.

"పోటీలో సెప్పినట్టు కాదన్నయ్యా, మామూలుగా సెప్పండి," అంది.

"తప్పయిపోయిందమ్మా."

"అదీ," అని బస్సెక్కింది. మర్నాడు రెండింటికి మాకన్నా ముందే వచ్చి, ఆ స్టూలు మీద కూర్చుని ఉంది.

ఆధారం అడగడం తప్పని నేను ఇప్పటికీ అనను. అడిగే ముందు, ఆ మాటతో ఎదుటివారు ఏ వస్తువును చూపిస్తున్నారో తెలుసుకోవడం నా బాధ్యత. అది నాకు ఎవరూ నేర్పలేదు. మీరు కూడా ఎవరి మాటనో రుజువు లేదని తోసేసి ఉంటారు. వారి పేరు ఈపాటికి మీకు గుర్తొచ్చే ఉంటుంది. ఈ వారంలోనే వారి దగ్గరకు వెళ్లండి. ఒక కాగితం, ఒక పెన్సిలు చేతికిచ్చి, వారు చెప్పిన ఆ మాటకు బొమ్మ గీసి చూపించమని అడగండి. గీయడం పూర్తయ్యేదాకా దయచేసి ఏమీ అనకండి.