దబ్బనంతో కుట్టిన నవల

“వీటిని ఎవరు కుట్టమన్నారు అమ్మమ్మా?”

“ఒకరు చెప్పాలా? అట్టపెట్టెలు తెరిస్తే కాగితాలన్నీ విడివిడిగా ఉన్నాయి. బైండింగు లేని పుస్తకం ఎవరు కొంటారే?”

“అవి అలాగే అమ్మాలి. చదివేవాళ్లు తమకు నచ్చిన వరసలో పేర్చుకుంటారు. ఆ నవలే అంత.”

“పేజీలకు నంబర్లు వేయడానికి కూడా బద్ధకమా ఆ రాసినాయనకి?”

మా మనవరాలు నెత్తిన చేతులు పెట్టుకుంది. పటమటలో మా ఇంటి కింది షట్టరు గదిలో ఒకప్పుడు మా ఆయన బియ్యం బస్తాలు వేసేవారు. అందులో ఇది ప్రయోగాల పుస్తకాల కొట్టు పెట్టింది. అన్నీ వెనకనుంచి చదివేవి, మాటల్ని బొమ్మల్లా పేర్చినవి. వచ్చినవాళ్లు తిరగేసి నవ్వుకుని పోయేవారు. విసుగొచ్చి, గదిని కర్రీ పాయింటుకు ఇస్తానని ఒకతనికి మాటిచ్చాను. మర్నాడు పొద్దున్నే అడ్వాన్సు తెస్తానన్నాడు.

ఆ సాయంత్రమే కొత్త నవల పెట్టెలు దిగాయి. పాడైపోయి వచ్చాయనుకుని, బస్తాలు కుట్టే దబ్బనం, పురికొస తెచ్చి ఒక్క కాపీ వదలకుండా కుట్టేశాను.

“రేపటితో ఎలాగూ కొట్టు తీసేయిస్తున్నావుగా. పుస్తకాలకు చిల్లులెందుకు పెట్టావు?” అంది.

“ఏడవకు. విప్పుతాను. పురికొస మాత్రం తెంపకు, మళ్లీ పనికొస్తుంది.”

విప్పుతూ పైనున్న కాగితం చదివాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కూడబలుక్కునే చదువుతాను. కాలవగట్టున ఒక మనిషి చచ్చిపోయింది. కింది కాగితంలో అదే మనిషి పొలానికి క్యారేజీ తీసుకెళుతోంది. ఆ రెంటినీ అటూ ఇటూ మార్చాను. చచ్చిన మనిషి లేచి అన్నం పట్టుకెళ్లింది. నాకు చేతులు ఆగలేదు. చావు కాగితాన్ని అడుక్కి నెట్టాను, మధ్యకు తెచ్చాను, పెళ్లిచూపుల ముందు పెట్టాను. పెట్టిన ప్రతిసారీ కథ ఇంకోలా తిరిగింది.

“ఒసే, ఇటు రా. ఈవిడని చివర్లో బతికించవచ్చా?”

“నీ ఇష్టం అమ్మమ్మా.”

“ఆ రాసినాయన ఏమీ అనుకోడా?”

“అందుకేగా నంబర్లు వేయలేదు.”

ఇద్దరం నేలంతా కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. అన్నం పొయ్యి మీద మాడింది. గింజ పారేయని నేను ఆ మాడు సంగతే పట్టించుకోలేదు. నా వరసలో ఒక కాపీ మాత్రం మళ్లీ గట్టిగా కుట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కర్రీ పాయింటతను వచ్చాడు. గది ఖాళీ లేదని చెప్పి పంపేశాను. తర్వాత షట్టరు నేనే ఎత్తాను.