పెద్దసారు ఎక్కిన మా వ్యాన్

నేను ఆరో తరగతిలో ఉండగా మా నాన్న ఒక పాత అంబులెన్స్ కొన్నాడు. దంతెవాడ అవతల, ఇనుప గనుల కొండ కింద ఉండేది మా టౌన్‌షిప్. నాన్న అక్కడి వర్క్‌షాపులో మెకానిక్. ఇక పనికిరాదని కంపెనీవాళ్లు వేలంలో వదిలించుకున్న బండి అది. డంపర్ల ఇంజన్లు విప్పి బిగించే మనిషికి దాన్ని బాగుచెయ్యడం అంత పెద్ద పని కాదు. ఏడాదిపాటు డ్యూటీ దిగి రాగానే క్వార్టర్ ముందు దాని కిందికి దూరేవాడు. రెండు పక్కలా చెక్కబల్లలు బిగించి పరుపులు వేశాడు. గతుకుల్లో స్టవ్వు దొర్లిపోకుండా ఇనుప గూడు చేశాడు. పైన నీళ్ల డబ్బా, దానికో కుళాయి. అమ్మ పాత చీర చింపి కిటికీలకు తెరలు కుట్టింది.

"ఇందులోనే వండుకుంటాం, ఇందులోనే పడుకుంటాం. భీమిలి నుంచి సముద్రం పక్కనే పోతాం. ఎక్కడ నచ్చితే అక్కడ ఆగడమే" అనేవాడు నాన్న. మామూలుగా రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి. నేనూ తమ్ముడూ ఎవరు ఏ బల్ల మీద పడుకోవాలో ముందే పంచేసుకున్నాం.

దసరా ఛుట్టీలకు బయల్దేరుతున్నామనగా, ముందురోజు సాయంత్రం వర్క్‌షాపు పెద్దసారు మా క్వార్టర్‌కి వచ్చాడు. ఆయనా తెలుగువాడే, కృష్ణా జిల్లా వైపు. అంతకు ముందెప్పుడూ మా గుమ్మం తొక్కలేదు. వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమయ్యా, మా అత్తగారిని విజయనగరంలో దింపాలి. రైల్లో బెర్తులు దొరకలేదు. మేమూ వస్తాం" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

"అలాగే సార్" అన్నాడు నాన్న.

ఆయన వెళ్లాక అమ్మ, "ఏటండీ, మన పిల్లలు ఎక్కడ కూకుంటారు? బండి నిండిపోనాదని చెప్పలేరేటి?" అంది.

"విజయనగరం దాకేగా" అన్నాడు నాన్న, ఆమె మొహం చూడకుండా.

మర్నాడు సారు, ఆయన భార్య, అత్తగారు, కొడుకు ఎక్కారు. సారు ముందు సీటు. మిగతా ముగ్గురూ బల్లల మీద. జగదల్‌పూర్ దాటి, కోరాపుట్ ఘాట్ దిగినంతసేపూ మేం ముగ్గురం గిన్నెల మధ్య నేల మీద కూర్చున్నాం. తమ్ముడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. సారు భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ముసలావిడ ఒక్కతే కాళ్లు ముడుచుకుని, "ఆ పిల్లాణ్ణి ఇలా పడుకోబెట్టమ్మా" అంది. కూతురు ఆమెను ఉరిమి చూసింది.

విజయనగరం వచ్చింది. ఎవరూ దిగలేదు.

"ఇంతదూరం వచ్చి సముద్రం చూడకుండా పోతామా? పోనివ్వు" అన్నాడు సారు.

నాన్న పోనిచ్చాడు. భీమిలి దగ్గర, నల్లటి బండరాళ్ల పైనుండే గట్టు మీద ఆగాం. ఆ రెండు రోజులూ వాళ్లు లోపల పడుకున్నారు, మేం బయట టార్పాలిన్ కింద. అమ్మ పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం పకోడీ చేసి ఎనిమిది మందికీ పెట్టింది. కనుచూపు దూరంలో సముద్రం, అమ్మ కళ్ల ముందు స్టవ్వు. సారు భార్య పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పింది. నాకిప్పటికీ ఒళ్లు మండే మాటల్లో అదొకటి.

మూడోరోజు పొద్దున్న సారుకు ఇంకో కోరిక పుట్టింది. అత్తగారు నడవలేదట, వ్యాన్‌ని రాళ్ల మధ్య బాటలోంచి నీళ్ల దాకా దింపాలట.

"రాళ్లు తగుల్తాయి సార్. కింద ఆయిల్ ఛాంబర్ పోద్ది" అన్నాడు నాన్న.

"నేనక్కడి దాకా రానక్కర్లేదు నాయనా, సముద్రం ఇక్కణ్నుంచే కనిపిస్తోంది" అంది ముసలావిడ.

"నువ్వు దింపవయ్యా. నేను చూస్తున్నాగా" అన్నాడు సారు.

ఛాంబర్ పగులుతుందని నాన్నకు తెలుసు. టౌన్‌షిప్ మొత్తంలో బండ్ల సంగతి ఆయనంత బాగా తెలిసినవాడు లేడు. అయినా స్టీరింగ్ పట్టుకున్నాడు. సగం దూరం పోయేసరికి కింద పెద్ద చప్పుడైంది. ఇంజన్ ఆయిల్ నల్లరాళ్ల మీదుగా కారిపోయింది.

సారు దిగి వంగి చూశాడు. "ఏం మెకానిక్‌వయ్యా నువ్వు?" అన్నాడు.

నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. నాకు సారు మీద కన్నా నాన్న మీదే ఎక్కువ కోపం వచ్చింది.

గంటలో సారు ఊళ్లోంచి ఒక జీపు మాట్లాడుకొచ్చాడు. సామాన్లు ఎక్కిస్తూ సారు భార్య మా కొత్త దుప్పట్లు రెండు చంకలో పెట్టుకుంది. "దారిలో చలిగా ఉంటుంది. టౌన్‌షిప్‌లో పంపిస్తాంలే" అంది.

అమ్మ గరిటె కింద పెట్టి వెళ్లింది. "మా పిల్లలు రెండు రోజుల్నుంచి మంచులో పడుకున్నారు మేడమ్‌గారూ. ఆ దుప్పట్లు ఇలాగియ్యండి" అంది. గొంతు పెంచలేదు. చెయ్యి చాపి అలాగే నిలబడింది. నాన్న, "పోనీలేవే" అన్నాడు. అమ్మ ఆయనవైపు తిరగనైనా లేదు. దుప్పట్లు చేతికి వచ్చేదాకా చెయ్యి దించలేదు.

జీపు పోయాక పక్క పేటలోని చేపలవాళ్లు పదిమంది వచ్చారు. వలలు లాగే తాడు కట్టి వ్యాన్‌ని గట్టెక్కించారు. నాన్న ఛాంబర్ విప్పి, గోనెలో చుట్టి, బస్సులో తీసుకెళ్లి వెల్డింగ్ చేయించుకొచ్చాడు. అది బాగయ్యేదాకా మరో మూడు రోజులు మేం అక్కడే ఉన్నాం. అమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడింది. రాళ్ల సందుల్లో పీతల కోసం తమ్ముడితో పాటు దేవులాడింది. నా బల్ల మీద నేను పడుకున్నాను. కానీ నాన్న ఆ మూడు రోజులూ వ్యాన్ లోపలికి రాలేదు. బయట టైరుకు ఆనుకుని బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు.

తిరిగొచ్చాక ఆయనకు వర్క్‌షాపులోంచి కొండ పైకి డ్యూటీ మార్చారు. ఎర్ర ధూళిలో, డంపర్ల పక్కన. కారణం ఎవరూ చెప్పలేదు. "సార్‌కి కుదరదని ముందే చెప్పుంటే అయ్యేది కదా" అని ఒకరోజు అడిగాను. "నీకు తెలీదమ్మా. క్వార్టరూ డ్యూటీ అన్నీ ఆయన చేతిలో ఉంటాయి" అన్నాడు. చెప్పకపోయినా వర్క్‌షాపు డ్యూటీ పోయిందిగా అని నేననలేదు. అనాల్సింది.

మరుసటి ఏడు దసరాకు ముందు బజారులో సారు ఎదురుపడ్డాడు. నాన్న పక్కనే నేనున్నాను.

"ఏమయ్యా, ఈసారి ఎప్పుడు బయల్దేరుతున్నాం?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

"వ్యాన్ అమ్మేశాను సార్" అన్నాడు నాన్న.

అప్పటికింకా అమ్మలేదు. అది మా క్వార్టర్ ముందే ఉంది. ఆ వారంలోనే గీదం నుంచి వచ్చే చింతపండు వ్యాపారికి ఇచ్చేశాడు. ఒక్క మనిషికి కుదరదని చెప్పలేక, ఏడాది కష్టం తెగనమ్ముకున్నాడు. వ్యాపారి మనుషులు బల్లలు ఊడబీకుతుంటే అమ్మ తెరలు విప్పి మడతపెట్టుకుంది. నాన్న పాపం ఇంటి వెనక ఉండిపోయాడు.

ఆయన్ని క్షమించావా అని తమ్ముడు అప్పుడప్పుడు అడుగుతాడు. నాన్న గురించి అడుగుతున్నాడనుకుంటాను. నాన్న మీద నాకిప్పుడు కోపం లేదు. మిగిలిన కోపమంతా ఆ ముందు సీట్లో ఎక్కి కూర్చున్న సారు మీదే.