ఇప్పసారా తొట్టిలో అక్క విన్న గొంతు

దయ్యాల మాట ఎత్తితే మా వార్డులో అందరికంటే ముందు నవ్వేది నేనే. నర్సు ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. మార్చురీకి పోయే వరండాలో ఎన్నిసార్లు ఒంటరిగా నడిచానో లెక్క లేదు. పోయిన వాళ్ల కళ్లు నా చేత్తోనే మూశాను. ఎక్కడా ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. మేము చర్చికి వెళ్లే కుటుంబం. దేవుణ్ణి నమ్ముతాను. మిగతా వాటికి నాడి చూసి, రిపోర్టు చూసి గానీ మాట్లాడను.

ఇప్పుడు నేను రాస్తున్నది మా అక్కకు జరిగింది. ఆ సమయంలో నేను ఆమె పక్కనే, చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను.

అక్క పేరు ఎస్తేరు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. చర్ల అవతలి అడవి ఊళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు చదువు చెబుతూనే ఆమె ఉద్యోగమంతా గడిచింది. పెళ్లి చేసుకోలేదు. పిల్లలతో మాట్లాడాలని కోయ భాష నేర్చుకుంది. ఇప్పటికీ ఆ ఊళ్ల ఆడవాళ్లు ఆమెతో ఇంటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతారు.

యాభై దాటాక ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చింది. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటుంది. అవి తీస్తే పక్కన కుక్కర్ విజిల్ వేసినా తెలియదు. పరీక్షకు నేనే తీసుకెళ్లాను, రిపోర్టు నేనే చదివాను. అందుకే ఈ విషయం అంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

అక్క రిటైరయ్యాక ఆమె దగ్గర చదువుకున్న వాళ్లు కొందరు కలిసి ఒక స్పా హోటల్లో రెండు రోజుల బస బహుమతిగా ఇచ్చారు. వాళ్లలో టీచర్లున్నారు, ఒకమ్మాయి నాలాగే నర్సు. అక్క వెంటనే ఖమ్మంలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"గంత పెద్ద హోటల్ల నేనొక్కదాన్ని ఏం జేస్త? నువ్వు గూడ రా రూతూ," అంది.

ఆ హోటల్ కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోయే దారిలో, రోడ్డు వదిలి అడవిలోకి కొంత దూరం వెళ్తే వస్తుంది. ఒకప్పుడు అది ఇప్పపువ్వుతో సారా తీసే కార్ఖానా. మూతపడ్డాక చాలా ఏళ్లు చెట్లు మొలిచి పడి ఉందట. ఎవరో కొని బాగు చేయించారు.

అంత అందమైన చోటు నేను అంతకుముందు చూడలేదు. పాత ఇటుక గోడలకు సున్నం వేయకుండా అలాగే ఉంచారు. సారా కాచిన పెద్ద రాగి బానల్ని తళతళలాడేలా తోమి లోపలికి రాగానే కనిపించేలా నిలబెట్టారు. పొగగొట్టం చుట్టూ ఇప్పచెట్లను ఒక్కటి కూడా కొట్టలేదు. వెళ్లగానే ఒకమ్మాయి రాగి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి మా పాదాలు కడిగింది. జీవితమంతా ఎవరో ఒకరి కాళ్లు కడిగిన మనుషులం మేమిద్దరం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క మాత్రం ఆ అమ్మాయిని నీది ఏ ఊరు, ఏం చదివావు అని అడుగుతూ కూర్చుంది.

మధ్యాహ్నం వెదురు కొమ్ముల కూర, జొన్నరొట్టె పెట్టారు. వండినావిడ పక్క ఊరిదే. అక్క రెండోసారి అడిగి పెట్టించుకుంది.

మూడు గంటలకు స్నానాల గదికి తీసుకెళ్లారు. నిజానికి అది గది కాదు, పెద్ద హాలు. పూర్వం ఇప్పపువ్వు పులియబెట్టే తొట్లు అక్కడ ఉండేవి. నేలలోకి తవ్వి, రాయి కట్టిన గుండ్రటి తొట్లు. చాలా వాటిని పూడ్చేసి ఒకదాన్ని మాత్రం వేడినీళ్ల కొలనుగా మార్చారు. తొమ్మిది మెట్లు దిగాలి. నీళ్లు ఛాతీ దాకా వస్తాయి. నిమ్మగడ్డి వాసన, నీళ్ల మీద ఆవిరి. ఆగస్టు నెల, బయట జోరున వాన. జల్లు లోపలికి కొడుతోందని అక్కడి అమ్మాయి కిటికీలన్నీ మూసి, టవళ్లు పెట్టి, ఏదైనా కావాలంటే బెల్లు నొక్కమని చెప్పి వెళ్లింది.

అక్క రెండు మిషన్లూ తీసి డబ్బాలో పెట్టింది. ఆ డబ్బాను నేనే నా సంచిలో వేసి, పైన అలమరలో పెట్టి దిగాను.

ఒక ఇరవై నిమిషాలు గడిచి ఉంటాయి. నాకు తల బరువుగా అనిపించింది. వారమంతా చేసిన డ్యూటీల అలసట ఇప్పుడు బయటపడుతోంది అనుకున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి. హాయిగానే ఉంది. రాతి అంచుకు తల ఆనించాను.

అప్పుడు అక్క గొంతు వినిపించింది.

మిషన్లు లేనప్పుడు ఆమె కాస్త గట్టిగా మాట్లాడుతుంది. కోయలో ఏదో ఒక్క మాట అంది. కళ్లు తెరిచి చూశాను. ఆమె నావైపు చూడటం లేదు. మెడ ఎత్తి పైకి, మెట్లు మొదలయ్యే చోటుకు చూస్తోంది. ఒక క్షణం ఆగింది, ఎదుటివాళ్ల మాట విన్నట్టు. తర్వాత నీళ్లలోంచి చేయి పైకెత్తి రెండు వేళ్లు చూపించింది. ఇంకో మాట అంది. తల ఊపింది.

నేనూ అటు చూశాను. మెట్ల పైన ఎవరూ లేరు. తలుపు మూసి ఉంది. నాకు వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "లే. పైకి పోవాలె."

"కొంచెం సేపు ఉండక్కా," అన్నాను. ఆమెకు వినపడదన్న సంగతి కూడా నాకు తోచలేదు. లేవబోతే కాళ్లు సహకరించలేదు. మూడో మెట్టు మీద కూలబడ్డాను. అరవై దాటిన మనిషి, చంకల కింద చేతులు వేసి నన్ను ఒక్కో మెట్టే ఎక్కించింది. ఆమె ఆయాసం నా చెవిలో ఇప్పటికీ ఉంది. తలుపు భుజంతో తోసింది. ఇద్దరం వరండాలో వానలో పడ్డాం. నాకు వాంతి అయింది.

చల్లగాలి తగిలాకే నా బుర్ర పనిచేసింది. తలనొప్పి, మత్తు, వాంతి. పరుగెత్తుకొచ్చిన అమ్మాయితో లోపలికి ఎవరినీ పోనివ్వొద్దని, కిటికీలు బయటినుంచే తెరవమని చెప్పాను. నీళ్లు వేడిచేసే గ్యాసు యంత్రం పక్క గదిలోనే ఉంది. దాని పొగ బయటికిపోయే గొట్టంలో పిట్టలు గూడు పెట్టాయి. గొట్టం అతుకు ఊడి, ఆ పొగంతా మా హాల్లోకి వచ్చింది. ఆ పొగలో ఉండే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు.

మేనేజర్ ఏదీ దాచలేదు. తప్పు మాదేనని ఒప్పుకుని, తన కారులోనే మమ్మల్ని భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాడు. రక్తపరీక్షలో విషవాయువు తేలింది. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. ఇంకాసేపు అక్కడే ఉంటే ఏమయ్యేదో డాక్టరు నాకు చెప్పనక్కర్లేదు.

సాయంత్రానికి మాస్కులు తీశారు. అక్క మిషన్లు పెట్టుకుంది. అప్పుడు అడిగాను.

"తొట్టిలో ఎవరితో మాట్లాడినవ్ అక్కా?"

"పైన నిలబడ్డాయనతోని. నువ్వు ఇనలేదా?"

"ఎవరూ లేరు."

"ఆవిరికి నాకు గూడ మనిషి కనబడలే. గొంతైతే మంచిగ ఇనబడ్డది. కోయల మాట్లాడిండు. కింద ఎవలు అన్నడు. నేనున్న అన్న. ఎంతమంది అన్నడు. ఇద్దరం అన్న. ఇద్దరు పైకి రాండ్రి, గాలి మంచిగ లేదు అన్నడు. గాబరగ చెప్పలే. రోజు చెప్పే మాట లెక్క చెప్పిండు."

"అక్కా, నీ మిషన్లు నా సంచిలో ఉన్నయ్."

అక్క చేయి మెల్లగా చెవి దగ్గరికి వెళ్లింది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టలేదు.

మర్నాడు ఉదయం సామాను కోసం హోటల్‌కు వెళ్లాం. మేనేజర్ టీ తాగి వెళ్లమని బతిమాలాడు. వరండాలో కూర్చుంటే, మొక్కలకు పాదులు చేస్తున్న నడివయసు ఆవిడతో అక్క అలవాటు ప్రకారం కోయలో మాటలు కలిపింది. కాసేపటికి అక్క ఆవిడను ఆపి, నన్ను చూపించింది. "గిప్పుడు చెప్పింది మా చెల్లెకు తెలుగుల చెప్పమ్మా," అంది.

"మా తాత గురించి అమ్మా," అందావిడ నావైపు తిరిగి. "గీ కార్ఖానల్నే పని జేసిండు. తొట్లు కడగనీకి మనుషులు దిగేటోళ్లు. పువ్వు పులిసినంక లోపల గాలి చెడ్డగుంటది. గందుకని ఈయన్ని పైన నిలబెట్టేటోళ్లు. ఎవలున్నరు, ఎంతమందున్నరు అని అడుగుతనే ఉండాలె. పలుకు తేడ వస్తె జల్దీ గుంజాలె. దిగినోళ్లందరు ఎక్కేదాక ఆడికెల్లి కదిలేటోడు కాదంట. ఆయన ఉన్నన్ని దినాలు తొట్టిల ఒక్క పానం గూడ పోలేదని మా నాయన చెప్తుండె."

"ఆయన ఇప్పుడు ఉన్నడా?" అని అడిగాను.

"ఏడున్నడమ్మా. నేను పుట్టకముందే పోయిండు. ఇంట్ల పండుకున్నోడు పండుకున్నట్టే."

ఆవిడ పక్కకు వెళ్లాక అక్కను నిలదీశాను. నిన్నటి సంగతి ఆమెకు ఏమైనా చెప్పావా అని. లేదంది. కార్ఖానా ఉన్నప్పుడు ఇక్కడ మీవాళ్లెవరైనా పనిచేశారా అని మాత్రమే అడిగిందట. మాకు ఒంట్లో బాగాలేక దవాఖానాకు పోయామని హోటల్లో అందరికీ తెలుసు. కానీ అక్క విన్న ప్రశ్నలు నాకూ అక్కకూ తప్ప ఎవరికీ తెలియవు.

ఖమ్మం వచ్చాక మా ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ని అడిగాను. ఆ వాయువు మెదడుకు ఎక్కితే లేని మాటలు వినిపించవచ్చు అన్నారు. కావచ్చు. వినికిడి తగ్గిన వాళ్లకు లోపలినుంచే శబ్దాలు పుట్టడం కూడా నేను చూశాను. ఆ మాటను నేను కొట్టిపారేయను. కానీ మత్తులో ఉన్న మెదడు ఆ రెండు ప్రశ్నలే ఎందుకు వేసింది, అదే వరుసలో ఎందుకు వేసింది? నాకంటే పెద్ద వయసు మనిషి నాకంటే ముందే ఎలా తేరుకుంది?

డిసెంబరులో మేనేజర్ ఫోన్ చేశాడు. నీళ్ల యంత్రాన్ని దూరంగా మార్చారు, హాల్లో విషవాయువును కనిపెట్టే అలారాలు పెట్టారు. మళ్లీ రమ్మన్నాడు. నేను తటపటాయించాను. అక్క మాత్రం సరేనంది. హాలు అంతకుముందు కంటే అందంగా ఉంది. కిటికీలు బార్లా తీసి ఉన్నాయి, ఎండ తొట్టి అడుగు దాకా పడుతోంది. అక్క మిషన్లు తీసి నా చేతికిచ్చి దిగింది. నేను పైమెట్టు మీదే కూర్చున్నాను. గంటసేపు ఆమె నీళ్లలో కళ్లు మూసుకుని ఉంది.

పైకొచ్చి, తల తుడుచుకుని, మిషన్లు పెట్టుకున్నాక అడిగాను.

"ఏమన్న ఇనబడ్డదా?"

"లే."

ఆ మాట ఆమె బాధగా అనలేదు. ఏమనుకోవాలో నాకు ఆ రోజూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అక్క నా భుజం మీద చేయి వేసి మామూలుగా అంది:

"ఇయ్యాల గాలి మంచిగనే ఉన్నది గద, రూతూ."