నిద్ర చెడిన పీపా

మా కొండ మీద హాఫ్‌మూన్ పబ్బు నడిపే ఎనిడ్ సట్‌క్లిఫ్ మధ్యాహ్నం నేలమాళిగలోకి దిగిందంటే, ఇక పైన ఇల్లు కాలిపోతున్నా పలకదు. ఆ చల్లటి చీకట్లో పీపాకు చెవి ఆనించి కూర్చుంటుంది. పీపాలో బీరు ఇంకా పొంగుతూ బతికే ఉంటుంది. పైనున్న మెత్తటి చెక్కబిరడా గుండా సన్నగా ఊపిరి విడుస్తుంటుంది. వాన పడే రోజుల్లో ఎవరు ఎవరిని నిద్రపుచ్చుతున్నారో తెలియదు.

పీపాకు కుళాయి కొట్టాక మూడు నాలుగు రోజులే దాని ఆయుష్షు. తర్వాత పులుస్తుంది, మోరీలో పోయాల్సిందే. పక్కనున్న ఉక్కు డ్రమ్ముల్లోని కొత్తరకం బీరుకు ఆ బాధ లేదు. గ్యాసు తోస్తుంది, మిషను చల్లబరుస్తుంది, వారాల తరబడి నిలుస్తుంది. ధర మాత్రం దానిదే ఎక్కువ. చిన్న చిన్న కార్ఖానాల్లో చేదునిచ్చే హాప్ పూలు గుప్పిళ్ల కొద్దీ పోసి కాస్తారట, కుర్రకారు అడిగినంతా ఇచ్చి తాగుతారు. మా పీపా బీరు మీద నాలుగు పెన్నీలు పెంచితే మాత్రం రోజూ వచ్చే మేం ఊరుకోం. అందరిలోకీ పెద్ద నోరు క్లిఫర్డ్ హార్‌గ్రీవ్స్‌ది. బస్సు నడిపి రిటైరయ్యాడు. అతన్ని పిసినారి అంటే పిసినారులు నొచ్చుకుంటారు.

ఈ వసంతంలో ఎనిడ్ తేల్చి చెప్పేసింది. గిట్టడం లేదు, ఈ పీపా అయ్యాక, పీపా బీరును బల్ల మీదికి తోడే చేతిపంపు పీకించేస్తానంది. మా ముఖాల్లో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

ఆ శుక్రవారం క్లిఫర్డ్ సాయం చేద్దామని నేలమాళిగలోకి దిగాడు. చివరి చుక్క కూడా వృథా కాకూడదని, అప్పుడే మొదలుపెట్టిన పీపాను వెనక నుంచి ఎత్తి కింద చెక్కముక్క దోపాడు. అడుగున పడుకున్న మడ్డంతా లేచింది. గ్లాసులోకి బురదనీళ్లు వచ్చాయి.  ఎనిడ్ పంపు మీది పేరుబిళ్ళను మా వైపు నుంచి వెనక్కి తిప్పేసింది. అంటే పీపా బీరు లేదన్నమాట.

గత్యంతరం లేక క్లిఫర్డ్ డ్రమ్ము బీరు అడిగాడు. ధర విని నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, డబ్బులిచ్చాడు. సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"బానే ఉంది. దీనికి నువ్వేం చేశావు తల్లీ?"

"కుళాయి తిప్పాను."

"మరి మా పీపా బీరుకో?"

ఎనిడ్ తుడుస్తున్న గ్లాసుతో నేలమాళిగ మెట్ల వైపు చూపించింది.

"ఇన్నేళ్లూ నీ చాకిరీ ఊరికే తాగాం," అన్నాడతను మెల్లగా. "రేటు పెంచు."

మర్నాడు నేలమాళిగలోకి తొంగిచూశాను. పీపాకు అటు ఎనిడ్, ఇటు క్లిఫర్డ్ కళ్లు మూసుకుని కూర్చున్నారు. మధ్యలో అది బుసబుసమంటోంది. చప్పుడు చేయకుండా మెట్లెక్కేశాను.

ఆదివారానికి మడ్డి దిగింది. బిళ్ళ మా వైపు తిరిగింది. కొత్త ధర చూసి క్లిఫర్డ్ ఇది పట్టపగలు దోపిడీ అని గొణిగాడు. గొణుగుతూనే మా అందరికీ తలో గ్లాసూ తనే కొన్నాడు.